ఒకే పీపా స్కాచ్‌ను రుచి చూడటం: రెండు లింక్‌వుడ్‌లు, ఒక కల్ ఈలా

ఎడిన్‌బరా నుంచి వచ్చిన మిత్రుడు ఇచ్చిన మూడు చిన్న నమూనాల గురించి మీరు వివరంగా రాశారు. ఒకటి 12 ఏళ్ల కల్ ఈలా, 57.8 శాతం ఆల్కహాల్, రీఫిల్ హాగ్స్‌హెడ్‌ది, అంటే అంతకుముందే విస్కీ నిలవ చేసిన మధ్యరకం పీపాది. మిగిలిన రెండూ 13 ఏళ్ల లింక్‌వుడ్‌లు. ఒకటి ఫస్ట్ ఫిల్ బర్బన్ (అమెరికా విస్కీ) బ్యారెల్‌ది, ఇంకొకటి ఫస్ట్ ఫిల్ షెర్రీ (స్పెయిన్ వైన్) బట్ అనే పెద్ద పీపాది. ఫస్ట్ ఫిల్ అంటే ఆ పీపాలో స్కాచ్ నింపడం అదే మొదటిసారి. కల్ ఈలా, లింక్‌వుడ్ రెండూ స్కాట్లాండ్‌లోని డిస్టిలరీలు, అంటే విస్కీ తయారీ కేంద్రాలు. మూడింటిలో ఏదీ డిస్టిలరీ సొంతంగా విడుదల చేసింది కాదు. ఇండిపెండెంట్ బాట్లర్లు ఒక్కో పీపాను విడిగా సీసాల్లో నింపి అమ్మినవి. మొదటి గుక్కకే గొంతు మండిపోయిందనీ, పన్నెండేళ్లు నిలవ ఉన్న కల్ ఈలా ఎండుగడ్డి రంగులో పాలిపోయి కనిపించిందనీ, ఒకే డిస్టిలరీకి చెందిన ఒకే వయసు లింక్‌వుడ్‌లు రెండింటికీ పోలికే లేదనీ అన్నారు. డిస్టిలరీలు వద్దనుకున్న పీపాలనే ఈ బాట్లర్లు కొంటారా అని కూడా అడిగారు. నేను పదహారేళ్లుగా స్కాట్లాండ్‌లో ఉంటున్నాను. ఈ తరహా విస్కీలనే ఎక్కువగా రుచి చూస్తూ, ప్రతిదాని గురించీ పుస్తకంలో రాసిపెట్టుకునే అలవాటు ఉంది. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

చివరి సందేహంతో మొదలుపెడతాను. అది తీరితే మిగిలినవి సులువుగా తేలిపోతాయి. స్కాట్లాండ్‌లోని చాలా డిస్టిలరీలు మొదటి నుంచీ బ్లెండెడ్ (పలు విస్కీలు కలిపిన) విస్కీల కోసమే మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీ, తయారు చేశాయి. ఒక బ్లెండ్‌కు పదుల కొద్దీ డిస్టిలరీల మాల్ట్ కావాలి కాబట్టి పీపాలు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారడం అక్కడ తరతరాల వ్యాపారం. ఎల్గిన్ పట్టణంలో 1895లో కిరాణా దుకాణంగా మొదలైన గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ సంస్థ, డిస్టిలరీల్లో అప్పుడే తీసిన మద్యాన్ని తన సొంత పీపాల్లో నింపించుకుని ఏళ్ల తరబడి నిలవ చేసేది. 1968లో అది కానసర్స్ చాయిస్ శ్రేణిని ప్రారంభించే నాటికి, తమ మాల్ట్‌ను విడిగా సీసాల్లో అమ్మే డిస్టిలరీలు చాలా తక్కువ. ఆబర్డీన్‌లో 1842లో పుట్టి ఇప్పుడు క్యాంబెల్‌టౌన్‌లో ఉన్న కేడెన్‌హెడ్స్, 1983లో లీత్‌లో ఏర్పడిన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ, 1988లో మొదలైన సిగ్నేటరీ కూడా ఈ వరుసలోనివే. లింక్‌వుడ్, కల్ ఈలా రెండింటి ఉత్పత్తిలోనూ అధిక భాగం నేటికీ బ్లెండ్లకే పోతుంది. లింక్‌వుడ్ స్వభావాన్ని నేను నేర్చుకున్నది దాదాపు పూర్తిగా ఈ బాట్లర్ల సీసాల నుంచే.

వాళ్ల దగ్గర నాసిరకం పీపాలు అసలే ఉండవని నేను అనను. బ్లెండర్‌కు, అంటే విస్కీలు కలిపే నిపుణుడికి, అక్కర్లేని పీపా అంటే చెడిపోయిన పీపా అని అర్థం కాదు. అతని లెక్కకు సరిపోని పీపా అని మాత్రమే అర్థం. ప్రతి ఏడాదీ ఒకే రుచి ఇవ్వాల్సిన వాడికి వింత రుచి ఉన్న పీపా ఇబ్బంది తెస్తుంది, మనకు అదే కావాలి. ఇంకొక సంగతి కూడా గమనించండి. కొన్ని సంస్థలు తమ పేరు బయటివారి సీసాల మీద పడటం ఇష్టం లేక, అమ్మే పీపాలో వేరే మాల్ట్‌ను చెంచాడు కలిపి పంపుతాయి. ఆ తర్వాత దాన్ని సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీ మాల్ట్) అని అమ్మడానికి వీలుండదు. లేబుల్ మీద డిస్టిలరీ పేరు లేకపోవడానికి నాణ్యతకంటే ఇలాంటి కారణాలే ఎక్కువ. ఒకప్పటిలా కొత్త పీపాలు దొరకడం కూడా ఇప్పుడు కష్టమవుతోంది. గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ సైతం 2024 నుంచి బయటి డిస్టిలరీల మద్యాన్ని కొత్తగా నింపుకోబోమని 2023లో ప్రకటించింది. ఈ వార్త చదివిన రోజున నాకు నిజంగా బాధ కలిగింది.

ఇక అసలు విషయానికి వద్దాం. డిస్టిలరీ తన పేరుతో అమ్మే 12 ఏళ్ల సీసాలో వందల పీపాల విస్కీ కలిసి ఉంటుంది. ఒక పీపాలో ఎక్కువైనది మరొక పీపాలోని కొరతతో సర్దుకుంటుంది. ఒకే పీపా సీసాలో ఆ సర్దుబాటు ఉండదు. అందుకే నేను లేబుల్ చదివేటప్పుడు డిస్టిలరీ పేరుకంటే ముందు పీపా వివరాలు చూస్తాను: ఏ రకం, ఎన్నోసారి నింపినది, ఏ తేదీన నింపారు, ఏ తేదీన తీశారు, ఎన్ని సీసాలు వచ్చాయి. ఈ చివరి అంకె చాలా చెబుతుంది. బర్బన్ బ్యారెల్‌లో సుమారు 200 లీటర్లు, హాగ్స్‌హెడ్‌లో 250, షెర్రీ బట్‌లో 500 పడతాయి. స్కాట్లాండ్ చల్లదనంలో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. ఆ లెక్కన హాగ్స్‌హెడ్‌లో ఇరవై ఏళ్లకు మిగిలేది 167 లీటర్లు, అంటే 70 సెంటీలీటర్ల సీసాలు 240కి కాస్త తక్కువ. లేబుల్ మీద "హాగ్స్‌హెడ్, 20 ఏళ్లు, 90 సీసాలు" అని ఉంటే, పీపా కారి ఉండాలి, లేదా మిగిలింది ఇంకొకరు పంచుకుని ఉండాలి. సింగిల్ కాస్క్ (ఒకే పీపా) అన్న మాట 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల్లోని అయిదు రకాల్లో లేదు కాబట్టి, చివరి కొన్ని నెలలు వేరే పీపాలోకి మార్చి నిలవ చేసినదాన్ని కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. ఆ సంగతి లేబుల్ మీద రాసే బాట్లర్‌ను నేను ఎక్కువగా నమ్ముతాను.

రంగు గురించి క్లుప్తంగా చెబుతాను. తీసేటప్పుడు ఏ రంగూ లేని మద్యానికి రంగు పట్టేది చెక్కలోనే. స్కాచ్‌లో నీటితో పాటు సాదా కారమెల్ రంగు కలపడానికి చట్టం అనుమతిస్తుంది. పెద్ద కంపెనీల సీసాలన్నీ ఒకే బంగారు వన్నెలో మెరవడానికి తరచుగా కారణం అదే. ఒకే పీపా సీసాల్లో ఆ రంగు కలపడం అరుదు. మీ కల్ ఈలా ఉన్న పీపాలో అంతకుముందే విస్కీ ఒకసారో రెండుసార్లో నిలవ ఉండి, చెక్కలో సులభంగా కరిగే రంగు, తీపి అప్పటికే బయటికి పోయి ఉంటాయి. అందువల్ల పన్నెండేళ్ల తర్వాత కూడా అది పాలిపోయి కనిపిస్తుంది. పొగ వాసన ఉన్న మాల్ట్‌కు నాకు నచ్చేది అలాంటి పాత పీపాయే. చెక్క అడ్డు రాకుండా డిస్టిలరీ తీసిన మద్యమే నేరుగా నాలుకకు తగులుతుంది. దాన్ని చూసి నిరుత్సాహపడకండి.

ఇప్పుడు మంట సంగతి చూద్దాం. దుకాణంలో దొరికే మామూలు స్కాచ్ 40 శాతం నుంచి 43 శాతం మధ్య ఉంటుంది. మీ నమూనాలు పీపాలోంచి తీసిన బలంతోనే ఉన్నాయి. మామూలు పెగ్గు తాగినట్టు 57.8 శాతం విస్కీని గుక్కెడు నోట్లో పోసుకుంటే ఎవరికైనా నోరు మొద్దుబారుతుంది, ఆ తర్వాత అరగంట దాకా ఏ రుచీ తెలియదు. దానికి తోడు, ఆ రోజు భోజనంలో గోంగూర పచ్చడి, మిరపకాయ బజ్జీలు ఉన్నాయని మీరే రాశారు. మిరపకాయ ఘాటుకు స్పందించే నాడీ గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. కారం తిన్న నోటికి ఈ మంట రెట్టింపుగా తెలుస్తుంది. రుచి చూడబోయే ముందు రెండు మూడు గంటలు కారం, ఊరగాయ, జర్దా, గాఢమైన కాఫీ మానేయండి. మధ్యలో నోరు శుభ్రపడటానికి ఉప్పులేని మరమరాలు, మంచినీళ్లు చాలు.

గ్లాసు విషయంలో ఒక్క సూచన సరిపోతుంది: అడుగున వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా ఉండే గ్లెన్‌కెయిర్న్ లాంటి చిన్న గ్లాసు వాడండి. వెడల్పాటి మూతి ఉన్న గ్లాసులో వాసన నిలవదు. వేసవిలో హైదరాబాద్ గది వేడి 35 డిగ్రీలు దాటినప్పుడు ఆల్కహాల్ ఆవిరి ముందుగా ముక్కుకు తగిలి మిగిలిన వాసనల్ని కప్పేస్తుంది. ఏసీ గదిలో 20 డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడు రుచి చూడండి. ఐసు మాత్రం వద్దు. చల్లబడిన కొద్దీ వాసనలు అణిగిపోతాయి.

ఒకసారికి 20 మిల్లీలీటర్లకు మించి పోయకండి. పోసిన తర్వాత పది నిమిషాలు అలా వదిలేయండి. తర్వాత నోరు కొంచెం తెరిచి ఉంచి, గ్లాసును ముక్కుకు కాస్త దూరం నుంచి నెమ్మదిగా దగ్గరికి తెచ్చుకుంటూ వాసన చూడండి. ఒక్కసారిగా ముక్కును లోపలికి పెట్టి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ తప్ప ఇంకేమీ తెలియదు. మొదటి గుక్క చాలా చిన్నది, నాలుగైదు చుక్కలంతే ఉండాలి. అది నోటిని సిద్ధం చేయడానికే, దాని మీద ఏ అభిప్రాయమూ ఏర్పరచుకోకండి. రెండవ గుక్కను పది పదిహేను సెకన్లు నాలుక మీద తిప్పి, మింగి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. విస్కీ తన లోపలి సంగతులు చెప్పేది ఆ గాలిలోనే.

ఆ తర్వాతి దశ నీళ్లు. దీని మీద కాస్త ఎక్కువగా రాస్తాను. నేను చూసిన తప్పుల్లో సగం ఇక్కడే జరుగుతాయి. నీళ్లు కలిపితే అసలైన రుచి పోతుందని ఎవరో మీకు చెప్పారు. డిస్టిలరీల్లో, బ్లెండింగ్ గదుల్లో పనిచేసే నిపుణులు పీపాలను పరీక్షించేటప్పుడు విస్కీని సుమారు 20 శాతానికి పలుచన చేసి వాసన చూస్తారు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్యోర్న్ కార్ల్సన్, రాన్ ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ నమూనాలతో ఒక పరిశోధన చేశారు. పొగ వాసనకు కారణమయ్యే గ్వాయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ 45 శాతం దాకా ఉన్నప్పుడు ద్రవం పైపొర దగ్గర నిలుస్తుందనీ, 59 శాతం దాటితే ఆల్కహాల్ అణువులు దాన్ని చుట్టుముట్టి లోపలికి లాగేస్తాయనీ వారు చూపారు. మీ కల్ ఈలాలో పొగ అంతగా తెలియలేదన్నారు కదా, కారణం ఇదే కావచ్చు. అన్ని పదార్థాలూ గ్వాయకాల్‌లాగే నడుచుకోవు. అందుకే ఎంత నీరు సరిపోతుందో పీపాకో లెక్కగా మారుతుంది, గ్లాసులోనే తేల్చుకోవాలి.

లెక్క కష్టం కాదు. 57.8 శాతం విస్కీ 20 మిల్లీలీటర్లకు ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల నీరు కలిపితే అది 46 శాతానికి వస్తుంది. అయితే ఆ చెంచాడు ఒకేసారి పోయకండి. మందుల దుకాణంలో దొరికే డ్రాపర్‌తో నాలుగైదు చుక్కలు వేసి, రెండు నిమిషాలు ఆగి, వాసన చూడండి, ఒక గుక్క తీసుకోండి, రాసుకోండి, మళ్లీ నాలుగైదు చుక్కలు వేయండి. కొన్ని విస్కీలు 50 శాతం దగ్గర పువ్వులా విచ్చుకుని, 45 శాతం దగ్గర చప్పబడతాయి. షెర్రీ పీపాల్లో చెక్క గుణం ఎక్కువగా ఎక్కినవాటికి నీళ్లు తగిలితే వగరు పైకి తేలుతుంది. కల్ ఈలా మాత్రం నా అనుభవంలో నీటికి బాగా తట్టుకుంటుంది. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు కలపవద్దు. ఆర్‌వో నీళ్లు గాని, సాధారణ సీసా నీళ్లు గాని గది వేడిలోనే ఉంచి వాడండి. నీళ్లు కలిపినప్పుడు విస్కీ కొంచెం మసకబారితే భయపడకండి. చల్లబరిచి వడకట్టే ప్రక్రియ చేయని విస్కీలో మిగిలిన కొవ్వు ఆమ్లాల ఎస్టర్ల వల్ల ఆ మసక వస్తుంది. నోటికి తగిలే ఆ చిక్కదనంలో వాటి పాత్ర ఉంది.

రెండు లింక్‌వుడ్‌లు ఒకేసారి మీ చేతికి రావడం మీ అదృష్టం. ఒకే పీపా విస్కీల గురించి ఏ పుస్తకమూ నేర్పలేని పాఠం ఆ రెండు గ్లాసుల్లో ఉంది. లింక్‌వుడ్ డిస్టిలరీ ఎల్గిన్ పక్కనే ఉంటుంది, స్థాపించింది 1821లో. అక్కడి మద్యం స్వతహాగా తేలికైనది. పచ్చి ఆపిల్, తెల్లని పూలు, తడిసిన గడ్డి వాసనలు దానిలో ఉంటాయి. ఆ మద్యమే 13 ఏళ్లు రెండు వేర్వేరు ఇళ్లల్లో పెరిగింది. బర్బన్ తయారీకి లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలని అమెరికా చట్టం చెబుతుంది కాబట్టి, ఒకసారి వాడిన పీపాలు స్కాట్లాండ్‌కు చేరతాయి. అమెరికన్ ఓక్‌లోని లాక్టోన్లు అనే పదార్థాలు పచ్చి కొబ్బరి వాసననిస్తాయి, చెక్కలోని లిగ్నిన్ వేడికి విడిపోయి వెనిల్లా వాసన ఇస్తుంది. పైగా 200 లీటర్ల చిన్న పీపా కావడంతో ప్రతి లీటరు విస్కీకీ తగిలే చెక్క ఎక్కువ. రెండవది 500 లీటర్ల బట్. ఇప్పటి షెర్రీ పీపాల్లో చాలావరకు విస్కీ పరిశ్రమ కోసమే ప్రత్యేకంగా షెర్రీతో నానబెట్టి తయారు చేస్తారు. ఆ చెక్క యూరోపియన్ ఓక్ అయితే టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ఎక్కువ, ఎండుద్రాక్ష, ఖర్జూరం, దాల్చిన చెక్క, చివరగా నాలుక అంచులను పట్టుకునే వగరు వస్తాయి.

ఇప్పుడు చేయవలసిన పని ఇది. రెండింటినీ 15 మిల్లీలీటర్ల చొప్పున పక్కపక్కన పోయండి. ముందుగా తేడాలు వెతకకండి, రెండింటిలోనూ ఒకేలా ఉన్నది ఏమిటో వెతకండి. మొదటి పావుగంటలో అది దొరకదు, బర్బన్ పీపాలోది కొబ్బరి లడ్డులా, షెర్రీ పీపాలోది తాటిబెల్లం పాకంలో వేసిన ఎండుద్రాక్షలా అనిపిస్తుంది. రెండింటికీ కొన్ని చుక్కల నీరు వేసి, ఆగి, మళ్లీ చూడండి. షెర్రీ కింద నుంచి ఒక సన్నని పచ్చి ఆపిల్ వాసన లేస్తే, అదే బర్బన్ గ్లాసులో కొబ్బరి వెనక దొరికితే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది లింక్‌వుడ్. మిగిలినదంతా పీపా. నేను నాలుగేళ్ల క్రితం ఇలాగే ఒకే రోజున నింపిన, వరుస సంఖ్యలు ఉన్న రెండు హాగ్స్‌హెడ్‌లను రుచి చూశాను. ఒకటి పూలతోటలా ఉంది, రెండవది తడిసిన అట్టపెట్టెలా ఉంది. చెక్క మేళవింపులో తేడా, గోదాములో పెట్టిన చోటు, పీపా ఎన్నిసార్లు వాడినది అన్న సంగతులే అంత దూరం తీసుకెళ్లగలవు. అందుకే ఒక సీసా నచ్చలేదని ఆ డిస్టిలరీని తీసేయవద్దు, ఒక సీసా అద్భుతంగా ఉందని అదే బాట్లర్ నుంచి వచ్చే తర్వాతి పీపాను కళ్లు మూసుకుని కొనవద్దు.

రుచులు రాసుకునేటప్పుడు పాశ్చాత్యులు వాడే పోలికల జాబితా పక్కన పెట్టుకోకండి. మీరు ఎన్నడూ తినని మిఠాయి పేరు మీ పుస్తకంలో ఉంటే ఆర్నెల్ల తర్వాత అది మీకే అర్థం కాదు. మన ముక్కుకు తెలిసిన వాసనలే రాయండి. విస్కీల్లో తరచుగా కనిపించే ఐసోఎమైల్ అసిటేట్ వాసన పండిన చక్కెరకేళి అరటిపండుదే. క్లైన్‌లిష్ డిస్టిలరీ మాల్ట్‌లో ఉండే మైనం గుణాన్ని ఆర్పిన కొవ్వొత్తి అని రాసుకోవచ్చు. మార్ట్‌లక్ మాల్ట్‌లో మాంసం పులుసు వాసన తగలడం మామూలే. పాత పీపాల్లో చాలాకాలం ఉన్న మాల్ట్‌లలో మామిడి తాండ్ర, మగ్గిన జామ కనిపించడం నాకు ఎప్పటికీ ఇష్టమైన అనుభవం. కల్ ఈలా లాంటి ఐలా దీవి మాల్ట్‌లలోని పీట్ (మాల్ట్‌ను ఆరబెట్టడానికి కాల్చే బురదనేల మట్టి) వాసనను కేవలం పొగ అని వదిలేయకండి. కట్టెల పొయ్యి బూడిద, టించర్ అయోడిన్, సాంబ్రాణి, ఎండుచేపల బుట్ట ఒకదానికొకటి వేరు. మీ కల్ ఈలాలో బూడిద, నిమ్మ తొక్క, ఉప్పుగాలి ముందుగా వెతకండి.

లోపాలను కూడా పేరు పెట్టి గుర్తించడం నేర్చుకోవాలి, సర్దుబాటు లేని ఈ విస్కీల్లో అవి దాచిపెట్టబడవు. కాల్చిన అగ్గిపుల్ల, ఉడికిన క్యాబేజీ వాసన వస్తే గంధకం ఎక్కువైందన్నమాట. కొద్దిగా ఉంటే కొందరికి ఇష్టమే, పది పదిహేను నిమిషాలు గాలి తగిలితే తగ్గవచ్చు. నల్లని టీ డికాక్షన్‌ను మరీ ఎక్కువసేపు మరగబెట్టినంత వగరు ఉంటే పీపాలో మరీ ఎక్కువకాలం ఉన్నట్టు. గంజి, పచ్చి పిండి వాసన వయసు చాలనిదానికి గుర్తు. వయసు అంకెకు మోసపోవద్దని నేను చెప్పేది అందుకే. ఎల్గిన్ చల్లదనంలో 1940లో నింపిన ఒక గ్లెన్‌లివెట్ పీపా 80 ఏళ్ల తర్వాత కూడా 44.9 శాతం బలంతో సీసాల్లోకి వచ్చింది. ఏటా 10 శాతం పైనే ఆవిరయ్యే బెంగళూరు వేడిలో ఆ విస్కీ అందులో పావు వంతు కాలం కూడా నిలవదు. వయసు అనేది పీపా, చోటు, చెక్క తీరుతో కలిపి చదవాల్సిన అంకె.

మీ దగ్గర ఇంకా మిగిలినది ఒక్కొక్కటి 60 మిల్లీలీటర్ల చొప్పున ఉందన్నారు. సగానికి పైగా ఖాళీ అయిన సీసాలో గాలి పనిచేస్తుంది కాబట్టి, వాటిని అంచు దాకా నిండే చిన్న గాజు సీసాల్లోకి మార్చి, బిగుతుగా మూతపెట్టి, వెలుతురు తగలని చోట నిలబెట్టి ఉంచండి. కార్క్ మూత ఉంటే పడుకోబెట్టవద్దు. మొదటి సాయంత్రం రెండు లింక్‌వుడ్‌లు మాత్రమే చూడండి. మరొక రోజు కల్ ఈలాను విడిగా చూడండి. దాని పొగ తర్వాత వేరేదేదీ నాలుకకు ఆనదు. రెండు రోజులూ 20 మిల్లీలీటర్లు మించకుండా వాడితే, నెల తర్వాత మూడవసారి రుచి చూడటానికి, అప్పుడు మీరు రాసుకున్నది సరిచూసుకోవడానికి కావలసినంత మిగులుతుంది. ఆ మూడవసారి రాసినవి నాకు పంపండి. ముఖ్యంగా షెర్రీ లింక్‌వుడ్ ఏ బలం దగ్గర విచ్చుకుందో చెప్పండి.